ఎన్నిసార్లు బండి మారాలి? కారు లేకుండా జర్మనీ చిన్న ఊళ్ళు

(మా కాలనీ గ్రంథాలయంలో నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

కరపత్రంలో "జర్మనీ యాత్రానుభవాలు" అని వేశారు. అది చూసి మావాడు "ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసివ్వనా నాన్నా" అన్నాడు. వద్దన్నాను. కోటల ఫొటోలు మీ ఫోన్లలోనే బోలెడు దొరుకుతాయి. నేను స్టేషన్ మాస్టరుగా పని చేసి రిటైరైనవాణ్ణి. బండి ఎప్పుడొస్తుంది, ఎక్కడ మారాలి, మారడానికి ఎంత టైముంది, నాకు తెలిసిన విద్య ఇదే. జర్మనీని కూడా ఆ కళ్ళతోనే చూశాను. ఈ వేసవిలో మీలో ముగ్గురు నలుగురు కుటుంబాలతో వెళ్తున్నారని విన్నాను. వాళ్ళకి పనికొచ్చేదేదో చెప్దామని వచ్చాను.

మేం వెళ్ళింది 2025 జూన్‌లో. ఆరుగురం. నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవడు, నాలుగేళ్ళ మనవరాలు. అబ్బాయి మొదట కారు అద్దెకు తీసుకుందామన్నాడు. జర్మనీ అంటే ఆటోబాన్ హైవేలు కదా, వాడికి ఆ సరదా. నేను కాదనలేదు, లెక్క వెయ్యమన్నాను. ఆరుగురు మనుషులు, ఆరు పెట్టెలు, అంటే మామూలు కారు చాలదు, వ్యాను కావాలి. అక్కడ పన్నెండేళ్ళు నిండని, 150 సెంటీమీటర్ల ఎత్తు రాని పిల్లలకి చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పదు, కాబట్టి అవి రెండు. బండి నడిపేది రోడ్డుకి కుడి పక్కన. ఇంతా చేసి ఊరు చేరితే, పాత ఊళ్ళ నడిబొడ్డుకి చాలాచోట్ల కార్లని రానివ్వరు. బయట పార్కింగులో పెట్టి నడవాలి. మా ఆవిడకి ఘాట్ రోడ్డంటే వాంతులు. అన్నిటికన్నా అసలు సంగతి, నడిపేవాడు రోడ్డు చూస్తాడు గానీ రైన్ నది చూడడు. "నువ్వు పదిహేను రోజులు సెలవు పెట్టి డ్రైవరుద్యోగం చేస్తావా" అని కోడలు అడిగింది. దాంతో ఆ చర్చ ముగిసింది.

చాలామంది జర్మనీ చిన్న ఊళ్ళు చూడాలంటే కారే గతి అనుకుంటారు. దానికొక కారణం ఉంది. అక్కడ "రొమాంటిక్ రోడ్" అని ఒక దారి ఉంది, వూర్ట్స్‌బుర్గ్ నుంచి ఆల్ప్స్ కొండల అంచున ఉన్న ఫ్యూసెన్ దాకా. 1950లో పర్యాటకుల కోసమే ఆ పేరు పెట్టారు. పేరులో రోడ్ ఉంది కాబట్టి మనం కారులో వెళ్ళాలనుకుంటాం. మనం చూడాల్సింది రోడ్డు కాదు, దాని మీదున్న ఊళ్ళు. ఆ ఊళ్ళలో ముఖ్యమైన వాటిలో చాలావాటికి రైలుంది.

ఇక అసలు విషయం. మావాడు తయారు చేసిన మొదటి ప్లాను పన్నెండు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు. పటంలో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఈ ఊరి నుంచి ఆ ఊరికి 90 కిలోమీటర్లు, ఇక్కణ్ణుంచి అక్కడికి 120. నేను ఎర్ర పెన్సిలు తీసుకుని కిలోమీటర్లు చూడకుండా, ఎన్నిసార్లు బండి మారాలో లెక్కపెట్టాను. ఇరవై మూడు వచ్చాయి.

బండి మారడమంటే కాగితం మీద ఒక గీత. నిజంగా అంటే ఏమిటి? దిగే ముందే సామాను తలుపు దగ్గరికి చేర్చాలి. దిగాక పిల్లల్ని లెక్కపెట్టాలి. రెండో ప్లాట్‌ఫారం నుంచి ఏడో ప్లాట్‌ఫారానికి మెట్లు దిగి మెట్లెక్కాలి. లిఫ్టు ఉంటే ఉంటుంది, పని చేస్తే చేస్తుంది. సరిగ్గా అప్పుడే మనవరాలికి బాత్రూం గుర్తొస్తుంది. పెద్ద సామానుతో ఒక్కసారి మారితే మా ఆవిడ ఓపిక గంటసేపు తగ్గిపోతుందని నా అంచనా. ఇరవై మూడు మార్పులంటే ఇంక ఆవిడ జర్మనీని ఏం చూస్తుంది!

అందుకని తొమ్మిది ఊళ్ళు కొట్టేసి మూడు ఊళ్ళలో మకాం పెట్టాం. రైన్ ఒడ్డున బోపార్డ్, బ్లాక్ ఫారెస్ట్‌లో ట్రీబెర్గ్, తర్వాత నూరెంబర్గ్. ఒక్కోచోట నాలుగు రాత్రులు. చివర విమానం కోసం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రాత్రి. పెద్ద సామానుతో కదిలేది మకాం మారే రోజుల్లోనే. మిగతా రోజుల్లో భుజాన సంచి, అందులో నీళ్ళ సీసా, పులిహోర డబ్బా. ఆ చేతులతో ఎన్నిసార్లు బండి మారినా లెక్కలేదు. వీసాకి కూడా ఇది కలిసొచ్చింది. ఎక్కడెక్కడ ఉంటారో రోజువారీగా చూపించమంటారు కదా, నాలుగు బుకింగులతో ఫైలు అయిపోయింది. వీసా రుసుము పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 45, అంతకన్నా చిన్నపిల్లలకి లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీసా గురించి ఇంతకన్నా చెప్పను, అది వేరే సభ పెట్టుకోవాల్సిన విషయం.

మకాం ఊరు ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న నియమాలు రెండు. గంటకి కనీసం ఒక బండి ఆగాలి. స్టేషను నుంచి బస దాకా నడిచిపోగలగాలి, లేదంటే బస్సు ఉండాలి. గంటకో బండి అన్నాను కదా, అక్కడి ప్రాంతీయ రైళ్ళలో ఒక గొప్ప సుఖం ఉంది. 9.12కి ఒక బండి ఉందంటే 10.12కి ఇంకోటి, 11.12కి మరోటి. రోజంతా అదే నిమిషానికి. టైంటేబుల్ బట్టీ పట్టక్కర్లేదు, ఒక్క నిమిషం గుర్తుపెట్టుకుంటే చాలు. తప్పిపోతే గంటలో ఇంకోటి వస్తుంది. ఈలోగా టీ తాగొచ్చు. టీ అంటే అక్కడ వేడినీళ్ళు, పక్కన సంచీ. దాని సంగతి వదిలేయండి.

హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 జనవరి నుంచి లుఫ్తాన్సా నేరు విమానం నడుపుతోంది. మన తెలుగువాళ్ళకి అది పెద్ద సదుపాయం. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే రెండు రైల్వే స్టేషన్లున్నాయి. దూరప్రయాణపు బళ్ళకి ఒకటి, ప్రాంతీయ బళ్ళకి ఒకటి. రెండోది ఒకటో టెర్మినల్ కిందే ఉంటుంది. అక్కడ ఎక్కితే మైన్జ్ మీదుగా కోబ్లెంజ్ వెళ్ళే బండి మధ్యలో బోపార్డ్‌లో దింపుతుంది. ఒక్క మార్పు కూడా లేదు. రాత్రంతా విమానంలో నిద్రలేని పిల్లలతో మొదటి రోజు ఇంతకన్నా పెట్టుకోకూడదు. ఆ బండిలో కూర్చుంటే బింగెన్ దాటగానే ఎడాపెడా కోటలు మొదలవుతాయి. అలా కోబ్లెంజ్ వైపు పోయేటప్పుడు కుడి పక్క కూర్చోండి, ఎందుకంటే లైను నదికి ఎడమ గట్టున ఉంది. మావాడు ఈ చివర నుంచి ఆ చివరకి కిటికీలోంచి వీడియో తీస్తూనే ఉన్నాడు. "ఇదే ఇప్పుడు కారు నడుపుతుంటే?" అన్నాను. నన్ను విననట్టు నటించాడు.

బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల ఈ లోయని 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. రెండు గట్లకీ రెండు రైలు మార్గాలు. మైన్జ్ దాటాక కోబ్లెంజ్ దాకా నది మీద వంతెన లేదు! అటు నుంచి ఇటు రావాలంటే ఫెర్రీ పడవే. గోదావరి మీద పంటు ఎక్కినవాళ్ళకి ఇది కొత్త కాదు, వాళ్ళ పంటు మీద కూడా కార్లు ఎక్కుతాయి. బోపార్డ్‌లో కుర్చీల్లో కూర్చోబెట్టి కొండ మీదకి తీసుకెళ్ళే లిఫ్టు ఉంది. పైన ఒకచోట నిలబడితే రైన్ వంపు తిరిగి కొండల మధ్య నాలుగు చెరువుల్లా కనిపిస్తుంది. ఆ చోటుకి పేరే "నాలుగు చెరువుల దృశ్యం". నిజానికి అంతా ఒక్క నదే.

పడవ విషయంలో ఒక కిటుకు. పర్యాటకుల ఓడలు రెండు వైపులా నడుస్తాయి. ఎదురీదే ఓడ చాలా నెమ్మది, ప్రవాహంతో వచ్చేది వేగం. అందుకని పైకి రైల్లో వెళ్ళండి, కిందికి ఓడలో రండి. మేం రైల్లో అరగంటలో బాఖరాఖ్ వెళ్ళాం. కర్రల చట్రాల మధ్య గోడలు కట్టిన ఇళ్ళు, పైన ద్రాక్షతోటలు. ఊరంతా తిరగడానికి గంటన్నర పట్టింది. ఆ ఊరి కొండ మీద కోటలో యూత్ హాస్టల్ పెట్టారు. కుటుంబాలకీ గదులిస్తారు. చవగ్గా కోటలో పడుకోవాలనుంటే ముందే బుక్ చేసుకోవాలి, పెట్టెలు మోస్తూ కొండెక్కాలని కూడా గుర్తుంచుకోవాలి. బాఖరాఖ్‌లో ఓడెక్కి వెనక్కొచ్చాం. దారిలో లోరెలై కొండ, 132 మీటర్ల ఎత్తు. అక్కడొక సుందరి కూర్చుని తల దువ్వుకుంటుంటే చూస్తూ పడవవాళ్ళు రాళ్ళకి గుద్దుకునేవాళ్ళని కథ. "ఎక్కడ తాతా, కనపట్లేదు" అని మనవరాలు గొడవ చేసింది.

బోపార్డ్‌లో ఒకే ఒక్క చిక్కు. ఆ లోయలో రాత్రంతా గూడ్సు బళ్ళు తిరుగుతాయి. రెండు గట్లకీ కొండలు కదా, చప్పుడు ఎటూ పోదు. నాకది జోలపాట. ముప్పై ఏళ్ళు ఆ చప్పుడులోనే పడుకున్నాను. మా ఆవిడ మాత్రం "ఉద్యోగం అయిపోయిందనుకున్నాను, ఇక్కడ కూడా నీ గూడ్సు బళ్ళేనా" అంది. మీరు గది తీసుకునేటప్పుడు లైను వైపు కాకుండా వెనక వైపు అడగండి.

టికెట్ల గురించి చెప్పాలి, అందరూ తికమకపడేది ఇక్కడే. జర్మనీలో 2023 మే నుంచి డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటి ఇస్తున్నారు. నెలంతా దేశంలో ప్రాంతీయ రైళ్ళు, మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు అన్నీ ఎక్కొచ్చు. మొదట 49 యూరోలు, మేం వెళ్ళినప్పుడు 58, ఇప్పుడు 2026 జనవరి నుంచి 63. వేగంగా పోయే ఐసీఈ, ఐసీ, ఈసీ బళ్ళకి చెల్లదు. అది ఒక చందా. ఆపకపోతే వచ్చే నెల కూడా డబ్బు కోసేస్తారు. రద్దు చేసేది ఆ నెల పదో తారీఖు లోపు. ఇంకో సంగతి, అది క్యాలెండరు నెల లెక్క. మీ ప్రయాణం మే 25 నుంచి జూన్ 7 దాకా పెట్టుకున్నారనుకోండి, రెండు నెలలకి కొనాలి. అందుకే మేం జూన్ 3న దిగి పదహారున తిరిగొచ్చేలా పెట్టుకున్నాం. కోడలు ఫోన్లో జూన్ 8కి అలారం పెట్టుకుని రద్దు చేసింది. ఆరేళ్ళు నిండని పిల్లలకి టికెట్టే అక్కర్లేదు. తొమ్మిదేళ్ళవాడికి ఇందులో రాయితీ లేదు, పూర్తి డబ్బు కట్టాం.

నాలుగైదు రోజులే తిరిగేవాళ్ళకి అది నష్టం. వాళ్ళు ఒక్కో రాష్ట్రానికీ ఉన్న రోజు టికెట్ చూసుకోవాలి. బవేరియాలో బయర్న్ టికెట్, రైన్ వైపు రైన్‌లాండ్ ఫాల్ట్స్ టికెట్. ఒక టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్ళొచ్చు, మనిషి పెరిగేకొద్దీ కాస్త డబ్బు కలుస్తుంది. బవేరియా టికెట్లో పదిహేనేళ్ళ లోపు సొంత పిల్లలు, మనవళ్ళు ఉచితం. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. పిల్లలతో తొమ్మిది లోపు బయటపడే కుటుంబాన్ని నేనింకా చూడలేదు కాబట్టి అది ఇబ్బంది కాదు.

వేగం బళ్ళు మేం రెండుసార్లే ఎక్కాం, మకాం మారినప్పుడు ఒకసారి, చివర నూరెంబర్గ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఇంకోసారి. వాటికి ముందుగా కొంటే చవక టికెట్లు దొరుకుతాయి, కానీ ఆ టికెట్ ఆ ఒక్క బండికే కట్టుబడి ఉంటుంది. ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళతో ఉచితం, అయితే కొనేటప్పుడే వాళ్ళని టికెట్లో రాయించాలి. మర్చిపోతే బండిలో ఇబ్బంది. సీటు రిజర్వేషన్ వేరే కొనాలి, మనిషికి 5.50 యూరోలు. ఆరుగురు ఒకచోట కూర్చోవాలంటే కొనండి, పీనాసితనం చెయ్యకండి. పిల్లలుంటే "నిశ్శబ్ద" పెట్టె కాకుండా కుటుంబాల పెట్టె ఎంచుకోండి. మనవాళ్ళు ఫోన్లో మాట్లాడే గొంతుకి నిశ్శబ్ద పెట్టె సరిపడదు. స్టేషన్లలో గేట్లుండవు, టికెట్ అడిగేవాడు కనపడడు. అలాగని ఎక్కేస్తే ఎప్పుడో ఒకసారి వస్తాడు. 60 యూరోల జరిమానా.

ఇప్పుడు బ్లాక్ ఫారెస్ట్. మన బేకరీల్లో కేకు పేరుగా తెలుసు. అసలైనది ఒక కొండ అడవి, దాని నడుమ నాకు దైవదర్శనం లాంటి రైలు మార్గం ఉంది. ఓఫెన్‌బుర్గ్ నుంచి కొండలెక్కి పోతుంది. రాబర్ట్ గెర్విగ్ అనే ఇంజనీరు వేశాడు, 1873లో పూర్తయింది. హోర్న్‌బెర్గ్ నుంచి సాంక్ట్ గేయోర్గెన్ దాకా పక్షి పోతే 11 కిలోమీటర్లు. బండి ఏటవాలుగా ఎక్కలేదు కదా, అందుకని ఆయన లైనుని లోయల్లో మెలికలు తిప్పి 26 కిలోమీటర్లు చేశాడు. యాభై మీటర్లు ముందుకు పోతే మీటరుకి మించి ఎక్కకుండా చూసుకున్నాడు. సొరంగంలోంచి బయటికొస్తే, కాసేపటి కింద మనం దాటిన ఊరే కింద, ఈసారి అవతలి పక్క కిటికీలో కనపడుతుంది. మా మనవడు "తాతా, బండి దారి తప్పింది, ఇందాకటి చర్చి మళ్ళీ వచ్చింది" అని కంగారుపడ్డాడు. వాడికి కాగితం మీద గీసి చూపించాను. విశాఖ నుంచి అరకు బండిలో వెళ్ళినవాళ్ళకి ఆ కొండెక్కే తీరు కాస్త తెలిసే ఉంటుంది.

ట్రీబెర్గ్‌లో దిగేటప్పుడు తెలుసుకోండి, స్టేషను కిందుంటుంది, ఊరు పైనుంటుంది. పెట్టెలతో నడవకండి, బస్సు ఎక్కండి. బసలో దిగాక ఆ బస్సు కూడా ఉచితమే. ఎందుకంటే బ్లాక్ ఫారెస్ట్‌లో చాలా ఊళ్ళలో ఒక రాత్రి బస చేసినా కోనుస్ అనే అతిథి కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉన్నన్ని రోజులూ ఆ అడవి ప్రాంతమంతా ప్రాంతీయ రైళ్ళు, బస్సులు ఉచితం. నిజానికి ఉచితమేమీ కాదు, బసకి కట్టే పర్యాటక పన్నులోంచి వస్తుంది. బస బుక్ చేసేటప్పుడే "కోనుస్ కార్డు ఇస్తారా" అని అడగండి. ఇచ్చే ఊళ్ళు కొన్ని, ఇవ్వనివి కొన్ని. మాకైతే డాయిచ్‌లాండ్ టికెట్ ముందే ఉంది కాబట్టి ఆ నాలుగు రోజులూ డబ్బు రెండుసార్లు పెట్టినట్టయింది. మీరు అడవిలోనే వారం ఉండేట్టయితే వేరే టికెట్టే వద్దు.

ట్రీబెర్గ్ జలపాతం 163 మీటర్లు, మెట్లు మెట్లుగా పడుతుంది. గడియారాల దుకాణాలు నేను పెద్దగా చూడలేదు, మా ఆవిడ చూసింది, కోకిల గడియారం ఒకటి ఇంటికొచ్చింది. గంటగంటకీ అరుస్తోంది. అదే లైను మీద కిందికి గెంగెన్‌బాఖ్ అని బుల్లి ఊరుంది, నాకు ట్రీబెర్గ్ కన్నా అదే నచ్చింది. రెండు కోట గుమ్మాల మధ్య ఒక వీధి, పూలకుండీలు, ఐస్‌క్రీం తినే ముసలివాళ్ళు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే బాగుంది.

ఇక్కడే మా తెలివితక్కువ ఒకటి బయటపడింది. జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారని తెలుసు. మేం శనివారం సాయంత్రం దిగి, ఆదివారం ఒక్కరోజుకే కదా అని కాస్త పాలు, బ్రెడ్డు కొన్నాం. సోమవారం పొద్దున సంచీ పట్టుకుని వెళ్తే అన్నీ మూసే ఉన్నాయి. ఆ జూన్ 9 వాళ్ళకి పెంతెకొస్తు సోమవారం, జాతీయ సెలవు. ఇంట్లో బియ్యం గ్లాసున్నర. మనం తెలుగువాళ్ళం, బ్రెడ్డు మీద రెండు పూటలు బతకగలమా? ఆవకాయ జాడీ పుణ్యమాని గండం గడిచింది. మీరు టికెట్లు కొనే ముందే అక్కడి సెలవుల పట్టిక చూసుకోండి. మే, జూన్లలో వాళ్ళకి ఇలాంటివి గుంపుగా వస్తాయి.

ఆవకాయ అన్నాను కాబట్టి చెప్తున్నా. పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలకోవా, జున్ను లాంటి పాల వస్తువులు, మాంసం బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. మా ఆవిడ పూతరేకులు కట్టింది, వాటిలో నెయ్యి ఉంటుంది కదా అని ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు తీయించాను. ఆ కోపం బోపార్డ్ దాకా ఉంది. హోటలు గది కాకుండా వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. పిల్లలున్నవాళ్ళకి రాత్రి ఏడింటికి పెరుగన్నం దొరికితే మర్నాడు పొద్దున అందరి ముఖాలూ బాగుంటాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్, ఖాళీ సీసా దుకాణంలో మెషిన్లో వేస్తే తిరిగిస్తారు. మనవడు ఆ వ్యాపారం వాడి చేతుల్లోకి తీసుకున్నాడు, ఐస్‌క్రీం డబ్బులు వాడే సంపాదించుకున్నాడు.

నూరెంబర్గ్. ఇది చిన్న ఊరు కాదు. అయినా మకాం అక్కడెందుకంటే చుట్టూ చిన్న ఊళ్ళకి రైళ్ళన్నీ అక్కణ్ణుంచే. ఇంకో కారణం నా స్వార్థం. జర్మనీలో మొదటి రైలు 1835 డిసెంబరు 7న అక్కడే, నూరెంబర్గ్ నుంచి పక్కనున్న ఫ్యూర్త్‌కి నడిచింది. ఇంజను పేరు "ఆడ్లర్", అంటే గద్ద. నడిపింది విలియం విల్సన్ అనే ఇంగ్లీషువాడు. మన బొంబాయి, ఠాణా బండి 1853లో, అంటే పద్దెనిమిదేళ్ళ తర్వాత. 1836లో ఆ నూరెంబర్గ్ లైను మీద మొదటిసారి సరుకు వేశారు, ఏం వేశారనుకుంటున్నారు? రెండు పీపాల బీరు. ఈ విశేషాలన్నీ అక్కడి రైల్వే మ్యూజియంలో ఉంటాయి. మావాళ్ళు గంటన్నరలో బయటపడి బొమ్మల మ్యూజియానికి వెళ్ళారు. నేను మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు.

అక్కణ్ణుంచి బాంబెర్గ్ ఒకే బండి, మార్పు లేదు. 1993 నుంచి ప్రపంచ వారసత్వ నగరం. పాత మునిసిపల్ ఆఫీసుని నది మధ్యలో కట్టారు, వంతెనలు దాన్ని రెండు గట్లకీ కలుపుతాయి. అంతకుమించి చెప్పను, వెళ్ళి చూడండి. రోటెన్‌బుర్గ్ మాత్రం రెండు మార్పులు, ఆన్స్‌బాఖ్‌లో ఒకటి, ష్టైనాఖ్‌లో ఒకటి. ష్టైనాఖ్ నుంచి చిన్న బ్రాంచి లైను, పావుగంట. ఇది చేతిసంచితోనే చెయ్యాల్సిన ప్రయాణం. స్టేషను నుంచి పది పన్నెండు నిమిషాలు నడిస్తే ఊరి ప్రాకారం. ఆ ప్రాకారం మీద పైకప్పు వేసిన నడవ ఉంది, ఊరి చుట్టూ నడవచ్చు. నడుస్తుంటే గోడలో రాళ్ళ మీద పేర్లు చెక్కి ఉన్నాయి. 1945 మార్చి 31న బాంబులు పడి గోడ, ఊళ్ళో కొంత భాగం కూలిపోతే, తిరిగి కట్టడానికి చందాలిచ్చినవాళ్ళ పేర్లవి. జపాన్‌వాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. మా ఆవిడ అది చూసి, "మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద రాసినట్టే" అంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అక్కడ జాతర. ఐదు దాటితే బస్సుల టూర్లవాళ్ళు వెళ్ళిపోతారు, ఊరు ఊరిలా అవుతుంది. సీజన్లో రాత్రి ఎనిమిదికి పాతకాలపు కాపలాదారు వేషంలో ఒకాయన ఇంగ్లీషులో చెప్తూ ఊరు తిప్పి చూపిస్తాడు. అది చూడాలంటే అక్కడే పడుకోవాలి. నాలుగేళ్ళ మనవరాలితో మాకు కుదరలేదు, ఆరున్నర బండికి తిరిగొచ్చాం. మళ్ళీ వెళ్తే ఆ ఒక్క రాత్రి అక్కడుంటాను.

ఇంకో రోజు నా పరువు పోయింది. నూరెంబర్గ్ నుంచి ఒక చిన్న ఊరికి బయల్దేరాం. ఊరి పేరు చెప్పను, చేరలేదు కాబట్టి. అక్కడ కొన్ని ప్రాంతీయ బళ్ళు సగం దారిలో రెండుగా విడిపోతాయి. ముందు భాగం ఒక ఊరికి, వెనక భాగం ఇంకో ఊరికి. మన దగ్గర లింకు బళ్ళు ఉండేవే, నాకు తెలియని విద్యా! బండి కరెక్టే ఎక్కాం, పెట్టె తప్పు. మనవడు పెట్టెలో తెర మీద పేర్లు చదివి "తాతా, మన ఊరు ఇందులో లేదు" అన్నాడు. "బండి ముందే రాసుంది, నాకు తెలుసులే" అన్నాను. స్టేషన్ మాస్టరుని కదా! పావుగంట తర్వాత కిటికీలోంచి చూస్తే మా ఊరికి పోయే భాగం పక్క లైనులో ఎడంగా పోతోంది. ప్లాట్‌ఫారం మీద బోర్డులో ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి, ఏ భాగం ఎక్కడ ఆగుతుందో చూపిస్తాయి. పెట్టె తలుపు పక్కన, లోపల తెర మీద కూడా గమ్యం ఉంటుంది. ఎక్కే ముందు పిల్లల చేత చదివించండి. వాళ్ళు చెప్పింది వినండి.

ఆలస్యాల సంగతి దాచను. జర్మనీ బండి వస్తే గడియారం సరిచేసుకోవచ్చని మనం చిన్నప్పుడు విన్నాం. అక్కడి రైల్వే సంస్థ డాయిచె బాన్ లెక్కల ప్రకారమే 2024లో దూరప్రయాణపు బళ్ళలో టైముకి చేరినవి 62.5 శాతం. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని కూడా టైముకే కింద వేసుకుని! పాత లైన్లకి పెద్ద మరమ్మతులు చేస్తున్నారు. 2024లో ఫ్రాంక్‌ఫర్ట్, మన్‌హైమ్ మధ్య ఒక ముఖ్యమైన లైనుని జులై నుంచి డిసెంబరు దాకా మూసేశారు. అలాంటప్పుడు రైలు బదులు బస్సులు పెడతారు. ప్రయాణానికి రెండు వారాల ముందు మీ మార్గాలన్నీ యాప్‌లో మళ్ళీ ఒకసారి చూసుకోండి. ఆ యాప్ పేరు డీబీ నావిగేటర్, ఇంగ్లీషులో ఉంటుంది. దానికి మన మోకాళ్ళ సంగతి తెలియదు, ఆరు నిమిషాల్లో బండి మారమంటుంది. సెట్టింగుల్లో మారే టైము కనీసం ఇరవై నిమిషాలు పెట్టండి. చవక టికెట్ కొన్న బండి ఇరవై నిమిషాలకి మించి ఆలస్యంగా చేరుస్తుందని తెలిస్తే, టికెట్ కట్టుబాటు పోతుంది, వేరే బండి ఎక్కొచ్చు. గంట ఆలస్యమైతే పావు వంతు, రెండు గంటలైతే సగం డబ్బు వెనక్కి అడగొచ్చు. ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారిస్తే చిన్న స్టేషన్లలో జర్మన్‌లోనే చెప్తారు. "గ్లైస్" అన్న మాట వినబడితే చెవి రిక్కించండి, అది ప్లాట్‌ఫారం. చుట్టూ జనం ఒక్కసారిగా లేచి నడవడం మొదలెడితే మీరూ నడవండి. అది అన్ని దేశాల్లోనూ పనిచేస్తుంది.

సామాను గురించి ఒక్కటే. ఎవరి పెట్టె వాళ్ళు పది మెట్లు ఎత్తగలగాలి. ఇంట్లో మేడ మెట్ల మీద పరీక్ష పెట్టాను. మా ఆవిడ పెట్టెలోంచి రెండు పట్టుచీరలు అక్కడే దిగిపోయాయి.

నా మాట అయిపోయింది, ఏమైనా అడగండి.

(నొయిష్వాన్‌స్టైన్ కోట చూశారా అని ఒకరు అడిగారు.)

లేదండీ. అందరూ అదే అడుగుతారు, మావాడు కూడా అలిగాడు. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కి రెండు గంటల బండి, తర్వాత బస్సు, తర్వాత కొండెక్కడం, లోపలికి పోవడానికి టికెట్ మీద రాసిన టైము. 2025లో దానికి వారసత్వ హోదా కూడా వచ్చింది, ఇంక జనం తగ్గుతారా? వెళ్ళాలంటే ఫ్యూసెన్‌లోనే రెండు రాత్రులు ఉండండి, మ్యూనిక్ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రం రావద్దు. మా పన్నెండు రోజుల్లో నాలుగో మకాం ఇరికించలేదు, అంతే.

(డిసెంబరులో వెళ్తే ఎలా ఉంటుందని ఇంకొకరు.)

ఊళ్ళు బాగుంటాయి, క్రిస్మస్ సంతలు. ఇందాక చెప్పిన గెంగెన్‌బాఖ్‌లో మునిసిపల్ భవనానికి 24 కిటికీలు, రోజుకో కిటికీ చొప్పున తెరుస్తారు. నాలుగున్నరకే చీకటి. రైన్ మీద ఓడలు ఆ నెలల్లో నమ్ముకోవద్దు. నదీ తీరం కోసమైతే మే నుంచి సెప్టెంబరు.

(మళ్ళీ వెళ్తారా?)

మా ఆవిడ వెళ్దామంటోంది. బోపార్డ్ మాత్రం వద్దంది, గూడ్సు బళ్ళు. అందుకని ఈసారి మోసెల్ నది ఒడ్డున కోఖెమ్ చూశాను. అక్కడి నుంచి దగ్గర్లో మోసెల్‌కెర్న్ స్టేషన్లో దిగి అడవిలో నడిస్తే ఎల్ట్జ్ కోట, ఎనిమిది వందల యాభై ఏళ్ళకి పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఊరు ప్రశాంతంగా ఉంటుందని ఆవిడకి చెప్పాను. స్టేషను పక్కనే 4,205 మీటర్ల రైలు సొరంగం ఉందని, 1879 నుంచి బళ్ళు దాంట్లోంచే పోతున్నాయని ఇంకా చెప్పలేదు. ఇవాళ ఆవిడ రాలేదు కాబట్టి మీకు చెప్తున్నాను.